ఇంజనులో కాటుక

ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. మా ఇంటి వెనక పారే శబరి సాక్షి, ఇప్పటికీ నా గోళ్ల కింద నుంచి వదలని నల్ల గ్రీజు సాక్షి, ఆ చేత్తోనే ముద్ద కలుపుతున్నానని రోజూ నన్ను తిట్టే నా భార్య సాక్షి. కోంట అంగట్లో నన్నెరిగినవాళ్లు ఈ మాట చూసి నవ్వుతారని తెలుసు. వాళ్లకు నేను చెప్పిన మొసలి కథ, తేనెటీగల కథ గుర్తుండే ఉంటాయి. అవి వేరు, ఇది వేరు. ఇది అబద్ధమైతే మళ్లీ ఈ జన్మలో నా చేతికి స్పానరు అందకుండా పోవుగాక.

అవి బస్తరు రాజ్యం రోజులు. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం జరుగుతుండేది, దాని పుణ్యమా అని మా కోంటలో పెట్రోలు దొరికేది కాదు. నేను కలప డిపోలో మున్షీని. దుంగల చుట్టుకొలత తీయడం, వాటి మొహాన సుత్తితో ముద్ర కొట్టడం నా పని. డిపో కాంట్రాక్టరుకు ఒక చిన్న కారు ఉండేది. ఎంత చిన్నదంటే, ఆ భారీ మనిషి అందులో కూర్చుంటే కారెక్కినట్టు ఉండేది కాదు, కారు తొడుక్కున్నట్టు ఉండేది. ఒక ఎండాకాలం దోర్నపాల్ నుంచి వస్తుంటే దాని ఇంజనులో ఆయిలు అయిపోయింది. ఆయన చూసుకోలేదు. ఎర్రబోరు దాటాక అది పందిని పట్టినప్పటి అరుపొకటి అరిచి బిగుసుకుపోయింది. ఎడ్లతో లాగించి డిపో షెడ్డులో పడేశారు. యుద్ధం అయ్యేదాకా ఎలాగూ పెట్రోలు రాదని ఆయన దాని మొహం చూడడమే మానేశాడు. నేను దాని చుట్టూ తిరుగుతుంటే ఒకరోజు, "తీసుకుపోవయ్యా మున్షీ, నీ ఇంటి ముందు పెట్టుకో. కనీసం కోళ్లన్నా పొదుగుతాయి" అన్నాడు.

నాకు ఇంజను పని వచ్చా అంటే, వచ్చు. గ్యాసు లైటు విప్పి బిగించినవాణ్ని. ఫారెస్టు బంగళాలో గ్రామఫోను బాగుచేసినవాణ్ని. ఆ తరవాత అది పాటను చివరి నుంచి మొదటికి పాడేది, అదీ కమ్మగానే ఉందని బంగళా వాచ్‌మన్ ఒప్పుకున్నాడు. కాంట్రాక్టరు డ్రైవరు ఒకసారి ఇదే ఇంజను పైమూత తీసి మసి గీకుతుంటే పక్కన నిలబడి బీడీ అందించాను. ఇంతకన్నా చదువేం కావాలి?

గొడవ వంటింట్లో మొదలైంది. ముంగిట్లో దుమ్ము పడుతుందని విప్పిన సామానంతా వంటింట్లోకి చేర్చాను. పిస్టన్ల తలల మీద మసి అట్టలు కట్టి ఉంది, గీకితే రావడంలేదు. ఉడకబెడితే వస్తుందని నాకు తోచింది. నాలుగు పిస్టన్లనూ మా ఆవిడ పులుసు కుండలో వేసి, కుంకుడుకాయలు కొట్టి పోసి, పొయ్యి మీదికెక్కించాను. ఆవిడ కట్టెలకు పోయి వచ్చి, ఆకలి మీద ఉందేమో, నేరుగా కుండ మూత తీసింది.

"ఏందయ్యా ఇది?"

"పిస్టన్లు. తలంటు పోస్తున్న."

"మొన్న నా తలకు కుంకుళ్లు లేవంటివి గదా?"

"నీకంటె ఇవే మురికిగున్నయ్ మరి."

అది అనకూడని మాట. నోరు జారింది. ఆవిడ మూత తిరిగి పెట్టి, గంటె పక్కన పెట్టి, పోయి పక్క మీద పడుకుంది. మర్నాడు ఎర్రబోరు నుంచి ఆమె తమ్ముడు ఎడ్లబండి కట్టుకొని వచ్చాడు. బండి నిండా గడ్డి పరిపించుకొని, గొంగడి గడ్డందాకా కప్పుకొని, నా వైపు తిరక్కుండా పడుకుంది. ఎంత కోపమంటే, ఎడ్లు ఒక అడుగు కదిలినా పళ్లు కొరికింది. అయితే బండి కదిలే ముందు గొంగడిలోంచి ఒక మాట అన్నది.

"మల్ల నన్ను తీస్కరావాల్నంటే ఎడ్లబండి తేకు. నేనెక్క. నీ కారు నడిస్తే దాంట్ల తీస్కరా."

"నడవకపోతే?"

"నడవకపోతే నువ్వు ఈడ, నేను ఆడ."

ఆమె గడువు చెప్పలేదు. చెప్పనక్కరలేదు, మా దారి సంగతి మాకు తెలుసు. తొలకరి పడిందంటే కోంటకూ ఎర్రబోరుకూ మధ్య వాగులు లేస్తాయి, మట్టి చక్రాలను పట్టుకొని వదలదు. మళ్లీ దారి తెరుచుకునేది దసరా నాటికి. అప్పుడు మాఘమాసం. చినుకు పడేలోగా ఆ చచ్చిన ఇంజను నోరు తెరిస్తే నా భార్య ఇంటికి వస్తుంది. తెరవకపోతే రాదు.

డిపో నుంచి రాగానే చొక్కా విప్పి ఇంజను ముందు కూర్చునేవాణ్ని. ఇంజను విప్పడం ఎవరైనా చేస్తారు. విప్పిన ముక్క మళ్లీ తన చోటికి పోవడమే కష్టం. నాలుగు సిలిండర్ల సామానూ ఒకేలా కనబడుతుంది కాని ఒకదానిది ఒకదానికి పట్టదు, ఏళ్ల తరబడి కలిసి అరిగినవి కదా. అందుకని ఆకుదొప్పలు కుట్టి, ఏ సిలిండరు ముక్కలు ఆ దొప్పల్లో వేసి, గోడ పక్కన వరసగా పెట్టాను. చూసినవాళ్లు మా ఇంట్లో ఏదో కొలుపు జరుగుతోందనుకునేవాళ్లు. ఒక ముసలాయన దొప్పల ముందు గుప్పెడు బియ్యం పెట్టి దండం పెట్టుకొని పోయాడు కూడా.

వాల్వులు అరగదీయడం ఒక మంచి పని. తిరగలి రాతిని నలగ్గొట్టి, గుడ్డలో జల్లించి, ఆ పొడిని ఆముదంతో కలిపి వాల్వు అంచుకు పూసి, దాని గూట్లో కూర్చోబెట్టి, రెండు అరచేతుల మధ్య కాడను పట్టుకొని మజ్జిగ చిలికినట్టు ఇటు సగం అటు సగం తిప్పాలి. మొదట గరగరమంటుంది. రోజుల మీద ఆ గరగర తగ్గి గుసగుసలోకి దిగుతుంది. అప్పుడు దాని మీద కిరసనాయిలు పోసి చూడాలి. చుక్క కిందికి దిగకపోతే పట్టినట్టు. ఆ గుసగుస వింటూ కూర్చుంటే ఖాళీ ఇల్లు ఖాళీగా అనిపించేది కాదు.

వాల్వులను తిరిగి బిగించేటప్పుడే కోడి సంగతి జరిగింది. వాల్వు కాడ చివర స్ప్రింగును పట్టి ఉంచడానికి గోరంత ఇనుప చీల ఉంటుంది. స్ప్రింగును ఒకరు నొక్కి పట్టుకుంటే ఇంకొకరు చీల దోపాలి. నేనొక్కణ్నే. మోకాలితో స్ప్రింగు నొక్కి, పళ్లతో గుడ్డ పట్టుకొని చీల దోపుతుంటే అది ఎగిరి గడప దగ్గర పడింది. మా ఆవిడ పెంచుకున్న ఎర్ర పెట్ట ఒకటుంది, అది నాకన్న ముందే చేరి, మింగి, మెడ సాచి నా వైపు చూసింది. దాన్ని గంప కింద మూసిపెట్టి ఎదురుగా కూర్చున్నాను. అది అంగడి రోజు. చింతపండు అమ్ముకోవడానికి వచ్చిన మా బావమరిది లోపలికి వచ్చాడు.

"ఏంది బావా, గంప ముంగట జపం చేస్తున్నవ్?"

"నా చీల దాని కడుపుల ఉన్నది."

"కోస్తే అయిపాయె గదా."

"అది మీ అక్క పెట్ట. దాన్ని నేను కోస్తే నన్ను మీ అక్క కోస్తది."

అతను నవ్వి తలపాగ విప్పుకొని కూర్చున్నాడు. గంప సర్దుతూ అడిగాను.

"అక్క ఎట్లున్నది?"

"మొన్న రెండు ముద్దలు తిన్నది."

"నిన్న?"

"నిన్న ఒక్కటి."

కోపం ఇంకా తగ్గలేదన్నమాట, అనుకున్నాను. "ఏమన్న అన్నదా?"

"కారు ఎందాక వచ్చిందో చూసి రమ్మన్నది."

"కోడి కడుపుదాక వచ్చిందని చెప్పు."

తరవాతి అంగడికి అతను గడపలోంచే కేకేశాడు. "బావా! నవ్వింది! కోడి మాట చెప్పంగనె నవ్వింది. ఆ పూట నాలుగు ముద్దలు తిన్నది. చీల దొరికిందా లేదా తెల్సుకోని రాకుంటే ఇంట్లకు రావద్దన్నది."

చీల దొరికింది. ఎలా దొరికిందో చెప్పను, మీరు అన్నం తినేవాళ్లు. కడిగి, కిరసనాయిల్లో ముంచి, నాలుగో సిలిండరుకు దోపాను.

ఇక అక్కణ్నుంచి ప్రతి అంగడికీ బావమరిది చేత ఒక కథ పంపడం మొదలుపెట్టాను. కార్బురేటరులో కప్ప కాపురం పెట్టిందనీ, దాన్ని ఖాళీ చేయమంటే వానలు పడనియ్యి పోతానంటోందనీ ఒకటి. పొగగొట్టంలో ఎలుకలు పెళ్లి చేసుకున్నాయనీ, నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారనీ ఇంకొకటి. ఇవి అబద్ధాలే, కాని ఆమెకు చెప్పినవి, మీకు కాదు. బావమరిది వాటిని మోసుకుపోయి, బదులుగా ముద్దల లెక్క మోసుకొచ్చేవాడు. కప్పకు నాలుగున్నర. ఎలుకల పెళ్లికి అయిదు, పైగా మజ్జిగ. ఒకసారి సమయానికి ఏమీ తోచక, అంతా సవ్యంగా ఉంది, పని సాగుతోంది అని ఉన్నదున్నట్టు చెప్పి పంపాను. రెండుకు పడిపోయింది. అప్పటి నుంచి ఉన్నదున్నట్టు చెప్పడం మానుకున్నాను. ఈ పుస్తకంలో తప్ప.

ఇంజను పైమూతకూ కింది దిమ్మకూ మధ్య ఒక రాగిరేకు ఉంటుంది, మంటా నీళ్లూ బయటికి రాకుండా. మా కారు రేకు గట్టిపడి పెళుసెక్కింది. దాన్ని పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాను. ఇనుమును అలా చేస్తే గట్టిపడుతుంది. రాగి మెత్తబడుతుంది. ఆ పూట చాలాసేపు మా ఆవిడ మనసు ఇనుమా, రాగా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అన్నిటికన్నా కష్టమైనవి బేరింగులు. ఇంజను బిగుసుకుపోయింది వాటి దగ్గరే. పాతవి కరిగి కారిపోయాయి. అదృష్టం కొద్దీ కారు సీటు కింద పెట్టెలో కొత్త జతలు దొరికాయి, కాని మందంగా ఉన్నాయి. పిస్టను పిడిని తిప్పే పెద్ద కడ్డీ మీద అవి సరిగ్గా కూర్చోవాలంటే ఎక్కడ ఎత్తుందో చూసి అక్కడ మాత్రం గీకాలి. ఎత్తు కంటికి కనబడదు. కడ్డీకి పల్చగా రంగు పూసి, బేరింగు బిగించి, ఒక చుట్టు తిప్పి విప్పితే, ఎత్తున్న చోట రంగు అంటుకుంటుంది. ఆ మచ్చ మీద గీకాలి. మళ్లీ పూయాలి, బిగించాలి, తిప్పాలి, విప్పాలి. డ్రైవరు దీనికి ఏదో నీలం రంగు వాడేవాడు. నా దగ్గర లేదు, కోంట మొత్తంలో లేదు.

గూట్లో మా ఆవిడ కాటుక బరిణె ఉంది. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి ఆమె పట్టిన కాటుక. మెత్తన, నలుపు, నూనెతో కలిసి ఉంది. ఇంతకన్నా మంచి రంగు ఏ దేశంలోనూ చేయరు. మూత తీశాను. నడిమధ్యలో ఆమె వేలు పడిపడి ఏర్పడిన చిన్న గుంట ఉంది. ఆ గుంటను తాకకుండా అంచు నుంచి తీసుకున్నాను. మొదటి బేరింగుకు అంచు సరిపోయింది. రెండోదానికి ఇంకొంచెం లోపలికి రావలసివచ్చింది. చైత్రం గడిచేసరికి బరిణెలో చుట్టూ ఇత్తడి తేలి, నడిమధ్య ఆ గుంటా దాని ఒడ్డూ మాత్రం మిగిలాయి, చిన్న బావిలా. చివరి బేరింగు ఒకటి ఉంది. రెండు రోజులు దాని జోలికి పోలేదు. మూడో రోజు పడమట మబ్బు కనిపించింది. ఊరికే వచ్చి పోయే మబ్బే, అయినా ఇక ఆగలేదు. గుంటలో వేలు పెట్టాను. ఆమె వేలు నా వేలికన్న ఎంత సన్నమో అప్పుడు తెలిసింది. ఆ కాటుకతో చివరి బేరింగు గీకి బిగించాను.

ఇక పెట్రోలు. డిపో షెడ్డులో ఒక సీసాడు మిగిలి ఉంటే కాంట్రాక్టరు ఇచ్చాడు. అది ఇంజను నోరు తెరిపించడానికి చాలుతుంది, నడిపించడానికి చాలదు. ఆ ఏడు ఇప్పపువ్వు విరగబూసింది. ఒకసారి వడగట్టిన సారా మనుషులకు, మళ్లీ మళ్లీ కాచి వడగట్టిన సారా నిప్పుకు. పుల్ల గీసి పెడితే నీలం మంట లేచేదాకా కాయించుకొని డబ్బాల్లో పట్టుకున్నాను. ముంగిట్లో హాండిలు వేసి తిప్పితే మొదట చెయ్యి విదిలించి కొట్టింది. తరవాత తుమ్మింది. తరవాత నల్లటి పొగ నా మొహాన ఊది, దడదడమంటూ, ఆగుతానా వద్దా అని ఆలోచించుకుంటూ, నడవడం మొదలుపెట్టింది. సారా పోశాక ఇంకా హుషారైంది. ఆ పొగ వాసనకు వీధిలో వాళ్లంతా పొగగొట్టం వెనక చేరి ఊపిరి పీల్చుకున్నారు. ఇద్దరు అక్కడే కూర్చుండిపోయారు.

మర్నాడే బయల్దేరాను. మూడు డబ్బాల సారా వెనక, ఎర్ర పెట్ట పక్క సీటులో. ఆ పెట్టను చూడాలని మా ఆవిడ కబురు పంపింది. దారంతా అడవి. కారు మనిషి నడక కన్నా కొంచెం జోరుగా, ఎద్దు పరుగు కన్నా కొంచెం నెమ్మదిగా పోయింది. వాగుల దగ్గర దిగి ఇసుకలో కొమ్మలు పరిచి దాటించాను. మూడు నెలలుగా ఇంజనులో తల పెట్టుకొని కూర్చున్నవాణ్ని, అసలు సంగతి మర్చిపోయాను. ఎర్రబోరు పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా తాడు కనబడేదాకా గుర్తే రాలేదు. ఆ వారం విజ్జ పండుం.

అది విత్తనాల పండుగ. గింజ భూమిలో పడేముందు ఆ ఊళ్లలో మగవాళ్లంతా విల్లంబులతో అడవికి వేటకు పోతారు. వాళ్లు తిరిగొచ్చేదాకా దారి ఆడవాళ్లది. తాడు కట్టి వచ్చేపోయేవాళ్లను ఆపుతారు. వేట తెచ్చినవాడికి కాళ్లు కడిగి పాట పాడతారు. ఉత్త చేతులతో వచ్చిన మగవాడికి పేడనీళ్లు. పెద్దా చిన్నా లేదు, సర్కారు మనిషైనా సరే.

ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు కారును చుట్టుముట్టారు. ముందు ఒక ముసలమ్మ, చేతిలో కుండ. నన్ను గుర్తుపట్టింది.

"మున్షీ! వేట ఏది?"

"నేను వేటకు పోలే అవ్వా. పెండ్లాన్ని తీస్కపోను వచ్చిన."

"మొగోడివా కాదా?"

"మొగోన్నే."

"అడివిలకెల్లి వచ్చినవా లేదా?"

"వేరే తొవ్వ ఏడున్నది?"

"మొగోడివి, అడివిలకెల్లి వచ్చినవ్. వేట ఏది?"

పెట్టను ఎత్తి చూపించాను. "ఇగో, అడవికోడి."

ఆ పెట్ట నా చేతుల్లోంచి జారి ఒళ్లో సర్దుకొని కళ్లు మూసుకుంది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. "అగో, అడవికోడి నీ ఒళ్లె గుడ్డు పెట్టేటట్టున్నది!" అని ఒకామె. "బాణం ఏడ తగిలిందో చూపియ్యి!" అని ఇంకొకామె. కుండలు పైకి లేచాయి.

నా భయం నా చొక్కా గురించి కాదు. ఇంజను సలసల కాగుతోంది, నీళ్ల మూతలోంచి ఆవిరి చిమ్ముతోంది. బోనెట్టు చీలికల్లోంచి కాలిన ఇనుప దిమ్మ మీద చల్లటి నీళ్లు పడితే నిలువునా చిట్లుతుంది. చిట్లితే అతకడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. పడమట మబ్బు ఈసారి ఊరికే పోయేలా లేదు. ఆ కుండ ఇంజను మీద పడిందంటే నా భార్య వచ్చే దసరాదాకా ఆడ, నేను ఈడ. ఆలోచించే తీరిక లేదు. పెట్టను అవతలికి వేసి, కారు ముందుకు దూకి, బోనెట్టు మీద బోర్లా పడుకొని రెండు చేతులతో కావలించుకున్నాను. కింద కడుపు కాలుతోంది, పైన వీపు మీద పేడనీళ్లు. ఒక కుండ, ఇంకో కుండ. "నా మీద పోయండ్రి! దాని మీద వద్దు! మీ కాళ్లు మొక్కుత, దాని మీద వద్దు!" అని అరుస్తూనే ఉన్నాను.

"ఆపుండ్రే!"

సన్నటి గొంతు. రోడ్డు పక్క ఇప్పచెట్టు కింద మంచం వేసి ఉంది. దాని మీద దిండుకానుకొని తీర్పు చెప్పే పెద్దమనిషిలా మా ఆవిడ కూర్చుని ఉంది. పక్కనే తమ్ముడి భార్య.

"ఆయన వేట ఆయన కిందనే ఉన్నది అవ్వా," అన్నది. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "మీ మొగోళ్లు బతికినదాన్ని సంపి తెస్తరు. నా మొగడు సచ్చినదాన్ని బతికిచ్చి తెచ్చిండు. ఏది కష్టం?"

కుండలు ఆగాయి. ముసలమ్మ బోనెట్టు మీద చెయ్యి పెట్టబోయి, వేడి తగిలి వెనక్కి తీసుకుంది. అది దడదడమంటూనే ఉంది. చెవి దగ్గరగా పెట్టి విన్నది.

"బతికే ఉన్నదే," అన్నది. "గని వేటంటే ఊరందరికి వాటా ఉండాలె."

వాటా అంటే కారెక్కడం. తాడు దగ్గర నుంచి ఊరి చివరిదాకా, మళ్లీ వెనక్కి. ముగ్గురేసి, నలుగురేసి, ఒకసారి ఆరుగురు. కారు నడుము వంగిపోయింది. సారా అయిపోతుందని మొత్తుకుంటే పండుగకు కాచుకున్న సారాలో గట్టిదాన్ని ఎంచి తెచ్చారు. ముసలమ్మ భూమికి ఒక చుక్క వదిలి, కారు గొంతులో ధారగా పోసి, మిగిలింది తన నోట్లో వేసుకుంది. ముగ్గురిలో ఎవరికి బాగా ఎక్కిందో చెప్పలేను. కారు మాత్రం రోడ్డుకు కుడిపక్కకే లాగింది.

పొద్దు వాలుతుండగా బావమరిది వేట నుంచి వచ్చాడు. ఇద్దరం కలిసి మా ఆవిడను మంచం మీంచి ఎత్తి, సీటులో గడ్డి పరిచి, కూర్చోబెట్టాము. ఆమె ఒళ్లో పెట్ట. మబ్బు నెత్తి మీదికి వచ్చింది. తాడు విప్పారు.

ఊరు దాటాము. ఆమె సీటు అంచు గట్టిగా పట్టుకొని ఉంది. కాసేపటికి పట్టు సడలించింది.

"ఎడ్లబండి లెక్క కొడతలేదు," అన్నది.

"కొడితే చెప్పు, ఆపుత."

"ఈ టకటక ఏందయ్యా?"

"నాలుగో సిలిండరు. నీ పెట్ట మింగిన చీల దాంట్లనే ఉన్నది."

పెట్ట వీపు నిమిరింది. చేతి మీద నరాలు లెక్కపెట్టవచ్చు. "ఇంటికి పోంగనె కాటుక పెట్టుకోవాలె. మొఖం ఎట్లనో అయిపోయింది."

"కాటుక లేదు."

"బరిణె నిండ ఉండె గదా?"

"ఇంజన్ల ఉన్నది."

ఆమె నా వైపు తిరిగి చూసింది. ఎడ్లబండి ఎక్కిన రోజు నుంచి నా వైపు సూటిగా చూడడం అదే.

"మొత్తమా?"

"మొత్తం. నీ వేలి గుంటతో సహా."

పెట్టను ఒళ్లో సర్దుకొని రోడ్డు వైపు చూసింది. "అదే అనుకుంటున్న," అన్నది, "తాగినదాని లెక్క ఉండికూడ తొవ్వ ఇంత సక్కగ చూస్కుంట పోతున్నదేంది అని."

కోంటలో మా గడప ముందు ఆగేసరికి మొదటి చినుకులు బోనెట్టు మీద పడి చుయ్‌మన్నాయి.

ఇప్పుడు ఒప్పుకోవలసింది ఒకటుంది. ప్రమాణం చేసిన దగ్గర నుంచి నా స్పానరు కనిపించడంలేదు మరి.

మీ అనుమానం కోడి మీద అని తెలుసు. కోడి నిజం. సారాతో కారు నడవడం నిజం, పేడనీళ్లు నిజం, కడుపు మీద మచ్చ ఇంకా ఉంది. కాటుక నిజం. అబద్ధమల్లా అలక. మా ఆవిడ నా మీద అలగలేదు. ఆ చలికాలం ఆమెకు చలిజ్వరం పట్టుకొని వదల్లేదు, ప్లీహం వాచి కడుపులో బల్ల పెరిగింది. నేను పొద్దంతా డిపోలో, ఇంట్లో నీళ్లిచ్చే మనిషి లేదు. అందుకే తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. బండి కుదుపుకు ఆమె పళ్లు కొరికింది కోపంతో కాదు. మళ్లీ ఎడ్లబండి ఎక్కలేనన్నదీ అందుకే. నడవకపోతే నువ్వు ఈడ నేను ఆడ అని అన్నది నిజమే, కాని అది బెదిరింపు కాదు. వానలు దాటి బతుకుతానన్న నమ్మకం ఆమెకు లేదు, పోతే మా ఇంట్లోనే పోవాలనుకుంది. నేను ఆ ఇంజను ముట్టుకున్నదే ఆమె ఎర్రబోరు పోయిన మర్నాడు. పులుసు కుండలో పిస్టన్లు ఉడకబెట్టిన మాట వాస్తవం. ఆమె ఇంట్లో లేదు కాబట్టే ఆ ధైర్యం చేశాను.

వానల్లో డిపోకు పని లేక నేను ఇంటిపట్టునే ఉన్నాను. ఆమె వానలన్నీ మంచం మీద పడుకొనే గడిపి, దసరాకు లేచి తన చేత్తో కొత్త కాటుక పట్టుకుంది. అప్పుడే నాకు ఆజ్ఞ వేసింది. "ఎవరన్న అడిగితే అలిగి పోయిన్నని చెప్పు. జబ్బుతోటి పోయిన్నంటే అందరు అయ్యో అని నా దిక్కు చూస్తరు. అలిగి పోయిన్నంటే నీ దిక్కు చూస్తరు."

ఆ పులుసు కుండ గొడవంతా, కుంకుళ్లతో సహా, ఆమె కట్టిందే. నీకంటె ఇవే మురికిగున్నయ్ అన్న మాట నా నోట్లో పెట్టింది కూడా ఆమే. నేను ఆ మాట అననే లేదు.